రెండో క్యాను

కల్లూరు,
గురువారం, 14 నవంబరు 2024.

ప్రియమైన జయరాజ్ అన్నకు,

నీ తమ్ముడు షాలేమ్‌రాజు ప్రభువు నామంలో వందనాలు చెప్పి రాస్తున్నాను. ఇన్నమ్మ వదినకు కూడా నావీ, మా ఆవిడ ఏంజెల్‌వీ వందనాలు. మీరక్కడ క్షేమమని తలుస్తాను. మేమూ క్షేమమే అని రాయడం మర్యాద. కానీ ఇన్నేళ్లుగా బస్సు స్టీరింగు తిప్పిన ఈ చెయ్యి ఆ మాట రాయనంటోంది. మీ ఆశ్రమ పాఠశాల దగ్గర సిగ్నల్ దొరకదు. దొరికినా ఇది ఫోన్‌లో చెప్పగలిగే సంగతి కాదు.

దసరా అయ్యాక ఒక మెడికల్ కాలేజీ వాళ్లు పరిశోధన చేస్తామంటూ మా డిపోకు వచ్చారు. పొద్దస్తమానం సీట్లో కూర్చుని, నీళ్లు తక్కువ తాగి, ఒంటికి వచ్చినా ఆపుకునే డ్రైవర్ల కిడ్నీలు ఎలా ఉన్నాయో చూస్తారట. రక్తం తీస్తారేమోనని చొక్కా చేతులు మడిచి వెళ్లాను. వాళ్లకు మూత్రం కావాలట. అదీ ఒక్క సీసాడు కాదు, ఒక రోజుదంతా. ఫ్లోరెన్స్ అనే నర్సమ్మ పెద్ద క్యాను చేతిలో పెట్టి, పొద్దున లేవగానే వచ్చింది వదిలేసి, అక్కడి నుంచి మర్నాడు అదే వేళ దాకా ప్రతి చుక్కా ఇందులోనే పట్టాలని చెప్పింది. ఒంట్లోంచి ప్రోటీన్ ఒక పూట ఎక్కువ పోతుందట, ఒక పూట తక్కువ పోతుందట. రోజంతా పడితేనే అసలు లెక్క తేలుతుందట. చల్లగా ఉండాలన్నారు కదా అని ఫ్రిజ్‌లో పెట్టబోతే ఏంజెల్ ఇల్లు పీకి పందిరేసింది. చివరికి స్నానాల గదిలో తడి గోనెసంచి చుట్టి పెట్టాం.

నీ దగ్గర దాపరికం ఎందుకన్నా. ఆ రోజు నాకు డ్యూటీ ఉంది. క్యానుతో బస్సెక్కడానికి సిగ్గేసి ఇంట్లోనే వదిలేశాను. చిన్న సీసా ఒకటి సంచిలో వేసుకున్నాను గానీ బయటికే తీయలేదు. పాల్వంచ దాటాక అడవిలో చెట్ల చాటుకు పోయి ఎప్పటిలాగే కానిచ్చేశాను. ఇంటికొచ్చాక ఏంజెల్ అడిగితే ఉన్నమాట చెప్పి, కాసిని నీళ్లు ఎక్కువ తాగి పడుకున్నాను. మర్నాడు ఫ్లోరెన్స్ క్యాను ఎత్తి చూసి, 'మస్తు పట్టిన్రు సారూ, అందరు గిట్ల ఇస్తే మాకు తిప్పలే ఉండయి' అని మెచ్చుకుంది. ఆ నీళ్ల పుణ్యమే అనుకుని నేను కాలరు ఎగరేశాను.

తరువాత పిలిచి చెప్పారు. రోజుకు నూటయాభై మిల్లీగ్రాములు దాటకూడని ప్రోటీన్ నాకు మూడు గ్రాముల దాకా పోతోందట. డాక్టరు నెమ్మదిగానే చెప్పాడు. కిడ్నీ చిల్లులు పెద్దవైన జల్లెడలా అయిందని, ఊరుకుంటే ముదురుతుందని అన్నాడు. ఆ తరువాత చెప్పిందేదీ నాకు ఎక్కలేదు. ఎందుకో తెలుసా? సగం అడవిలో పారబోసి వస్తేనే మూడు గ్రాములు! చెప్పినట్టు మొత్తం పట్టి ఉంటే ఎంత ఉండేదో! ఆ మాట డాక్టరుకు చెప్పకుండానే బయటికి వచ్చేశాను.

ఊరికే ఉండలేక పగిడయ్యను చూడటానికి ఖమ్మం వెళ్లాను. మా పాత డ్రైవరే, వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కు పోతున్నాడు. డయాలసిస్ సూదుల కోసం నరాలు కలిపి కుట్టిన చెయ్యి పట్టుకుంటే చర్మం కింద ఏదో మిషన్ తిరుగుతున్నట్టు జివ్వుమంది. చటుక్కున వదిలేశాను. 'భయపడకు రాజూ, అలవాటైతది' అన్నాడు పాపం. ఆ అలవాటు అన్న మాటకే లేచి వచ్చేశాను. మొన్న అడవి మలుపులో ఆవు అడ్డం వస్తే బ్రేకు మీద కాలు ఆలస్యంగా పడింది. బస్సు నిండా జనం. నా ఆలోచన రోడ్డు మీద లేదన్నా, నా నడుములో ఉంది.

ఇంకోసారి పరీక్ష చేయాల్సిందేనని డాక్టరు దగ్గర పట్టుబట్టింది ఏంజెలే. ఈసారి సిగ్గూ లేదు, ఎగ్గూ లేదు. క్యానును డ్రైవరు సీటు పక్కనే కట్టేసుకుని భద్రాచలం పోయి వచ్చాను. అశ్వారావుపేటలో ఎక్కిన ఒక ముసలమ్మ దాన్నే చూసి చూసి, 'ఏంది కొడుకా, అడవి తేనెనా? కిలో ఎంతకిస్తవ్?' అని అడిగింది. కండక్టరు రెడ్యా నవ్వు ఆపుకోలేక టికెట్లు తప్పు కొట్టాడు. నేనూ నవ్వాను. నవ్వుతుంటే కళ్లలో నీళ్లొచ్చాయి. ఇంటికి తెచ్చాక ఏంజెల్ ఆ క్యాను దగ్గరికి ఎవరినీ రానివ్వలేదు, తనూ వెళ్లలేదు.

ఫలితం రేపు చెబుతామన్నారు. నాకు నిద్ర లేదు. అన్నం ముందు కూర్చుంటే ఉప్పులేని పప్పుచారు గొంతు దిగదు. ఏంజెల్ కూడా నాతోపాటు అదే తింటోంది. ఎంత చెప్పినా వినదు. నాకు కనపడకుండా ఏడుస్తున్నట్టుంది, పొద్దున లేచేసరికి ముఖం ఉబ్బి ఉంటోంది. దేవుడి దయవల్ల తను గట్టిది. జలుబు చేసినా మంచమెక్కేది నేనే గానీ తను కాదు.

అన్నా, రేపు కూడా అదే మాట చెబితే నేను స్టీరింగు వదిలేస్తాను. నాకేమైనా అయితే ఏంజెల్‌నీ పాపనీ నువ్వు చూసుకోవాలి. పాప చదువు మాన్పించనివ్వకు. ఈ మాటకు జవాబు రాయి, చాలు. నాకు చచ్చిపోవాలని లేదన్నా.

మీ ప్రార్థనలో నన్ను మరువవద్దని కోరుతూ,

నీ తమ్ముడు,
షాలేమ్‌రాజు

తా.క.: బావగారికి ఏంజెల్ వందనాలు. కవరు అంటించి, ఇవాళ మీ వైపు బస్సులో వచ్చే రెడ్యా అన్న చేతికి ఇమ్మని చెప్పి, ఆయన ఈ శుక్రవారం పొద్దున డ్యూటీకి వెళ్లారు. అంటించే ముందు నేను ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. ఇందాక ఫ్లోరెన్స్ ఫోన్ చేసింది. ఆయన ఫోన్ ఎత్తలేదని నాకు చేసిందట. రెండో క్యానులో ఏ దోషమూ లేదు. ఆయన కిడ్నీలు బాగున్నాయి. మొదటిసారి ల్యాబులో ఏదో తారుమారైనట్టుందని, 'ఇగ రంది పెట్టుకోకు అక్కా' అని చెప్పింది.

ల్యాబులో ఏదీ తారుమారు కాలేదు బావగారూ. మొదటి రోజు ఆయన క్యాను అడుగు కూడా సరిగ్గా నిండలేదు. నలుగురిలో ఆ నర్సమ్మ ఈయన్ని ఏమంటుందోనని, ఆయన పడుకున్నాక అందులో నాది పోశాను. మళ్లీ తెల్లవారి కూడా. ఎవరివైతే ఏముందిలే, నీళ్లే కదా అనుకున్నాను.

రిపోర్టు చెప్పిన రోజే నాకు అనుమానం వచ్చింది. ఆయన జబ్బు కాదేమో అని చెప్పబోతే, అయితే ఎవరిది అన్న మాట ముందుకొచ్చింది, ఇంకోసారి పరీక్ష చేయమని మాత్రం పట్టుబట్టాను. నేను ఏడవడం లేదు బావగారూ. నా ముఖం దానంతటదే ఉబ్బుతోంది. కాళ్ల వాపు కుట్టుమిషన్ తొక్కడం వల్లనేమో అని ఇన్నాళ్లూ సరిపెట్టుకున్నాను. ఈ జబ్బు ఆయనది కాకూడదని, నాదీ కాకూడదని ప్రార్థన చేశాను. దేవుడు సగమే విన్నాడు.

రిపోర్టు మంచిదని మాత్రం సాయంత్రం చెబుతాను. ఈ ఒక్క రాత్రి ఆయన్ని కంటినిండా పడుకోనివ్వండి. రేపు మొదటి బండికి మీరూ ఇన్నమ్మక్కా రండి. మిగతాది చెప్పేటప్పుడు నా పక్కన ఎవరైనా ఉండాలి. నాకు చాలా భయంగా ఉంది.