జనరల్‌కి ఆదివారం భోజనం

2004 ఫిబ్రవరి 22, ఆదివారం. మన్రోవియా

నిరుడు జూలైలో ఒక ఉదయం. వాన తెరిపిచ్చింది. మా ఆఖరి తమ్ముడు న్యెమా వంటింటి గడప మీద కూర్చుని ఉడికించిన కర్రపెండలం, వేయించిన చేప తిన్నాడు. ఇంకాస్త కారం వెయ్యి పెద్దక్కా, ఈ చేప ఇంకా నిద్రలోనే ఉంది అన్నాడు. మా పెద్ద తమ్ముడు అలోంజో చొక్కా అడక్కుండా తొడుక్కున్నాడు. మా ఐసు ఫ్యాక్టరీ లారీలో దిమ్మల మీద రంపపు పొట్టు కప్పి, హారన్ కొట్టుకుంటూ వెళ్ళాడు. నేను గిన్నెలు కడిగాను.

వంతెన దగ్గర తిరుగుబాటుదార్ల చెక్‌పోస్టులో లారీ ఆపారు. తరవాత ఆ లారీని వాళ్ళ నాయకుడు జనరల్ సబ్బాత్ కుర్రాళ్ళు తోలుతుంటే మా చెల్లెలు హెస్టర్ చూసింది. న్యెమా తిరిగి రాలేదు.

ఇవాళ చర్చిలో చనిపోయినవాళ్ళ పేర్లు చదివారు. వాడి పేరు ఇవ్వలేదు. అలోంజో వద్దన్నాడు.

ఫిబ్రవరి 24

యుద్ధం ఆపాక పక్షాలన్నీ కలిసి అలోంజోని తాత్కాలిక ప్రభుత్వానికి ఛైర్మన్ చేసింది వాడు ఎవరి మనిషీ కాదనే. యుద్ధమంతా అన్ని వైపులకీ ఐసు అమ్మాడు. ఐసు ఎవడి చేతిలోనైనా కరుగుతుంది, వీడైతే పర్లేదు అని నవ్వుకుని ఒప్పుకున్నారట.

న్యెమా సంగతి బయటపడితే నేనూ ఒక పక్షం వాణ్ణయిపోతానక్కా అన్నాడు. యుద్ధంలో తప్పిపోయాడు, అంతే అనాలి. అంటున్నాం.

ఫిబ్రవరి 28

జనరల్ సబ్బాత్ ఇప్పుడు రవాణా మంత్రి. అతని తుపాకులు మాత్రం ఇంకా అడవిలోనే ఉన్నాయి. వాటి గురించి మాట్లాడటానికి రేపు మా ఇంటికి భోజనానికి వస్తాడు. విషమంటే భయం. వండిన మనిషి తనతో ఒకే గిన్నెలో, తనకంటే ముందు తినాలట. మా పద్ధతీ అదే, తప్పు పట్టడానికి లేదు.

నువ్వు వండుతావా అని అలోంజో గోడ వైపు చూస్తూ అడిగాడు. సరే అన్నాను.

ఫిబ్రవరి 29, మధ్యాహ్నం

పామ్ పళ్ళ గుజ్జు కూర, అన్నం. ముందు నేను తిన్నాను. అతని చెంచా నా చెంచాకి తగిలింది. న్యెమా కంటే పెద్ద వయసేం కాదు. ఇక్కడ పెద్దావిడల్ని పిలిచినట్టే ఓల్డ్ మా అని పిలిచి, నీ కారం ముందే తగిలుంటే మా కుర్రాళ్ళు తుపాకులు పారేసి నీళ్ళకోసం పరిగెత్తేవాళ్ళు అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాననుకుంటాను.

రుచి తెలియలేదు.

మార్చి 4

సబ్బాత్ మనుషులు తుపాకులు కొన్ని అప్పగించారని రేడియోలో చెప్పారు.

మార్చి 7, ఆదివారం

మళ్ళీ వచ్చాడు. చేతులు కడుక్కోడానికి వెళ్తూ హాల్లో న్యెమా ఫోటో దగ్గర ఆగిపోయాడు. నా వెనకే వంటింట్లోకి వచ్చాడు. ఐసు లారీ అబ్బాయి కదూ అన్నాడు. వంతెన దాటాక క్లినిక్ వెనక, మామిడిచెట్టు కింద ఉన్నాడట. కాల్చమన్నది తనేనట. నీ కాలు పట్టుకుంటా ఓల్డ్ మా, అన్నాడు. నిలబడే అన్నాడు.

మంచినీళ్ళు అడిగాడు. ఒక గుక్క నేను తాగి గ్లాసిచ్చాను.

మార్చి 8

ప్రార్థనకి మోకరించాను. సగంలోనే లేచి బియ్యం ఏరుకున్నాను.

మార్చి 9

ఇద్దరికీ చెప్పాను. హెస్టర్ అప్పుడే చెప్పులేసుకుంది. నా గోళ్ళతో తవ్వి తెచ్చుకుంటా, నీ కుర్చీ కోసం తమ్ముణ్ణి అక్కడ పడేస్తావా అన్నయ్యా, నీ ఐసు ఇప్పుడు నీ గుండెలోకీ వచ్చిందా అంది. అలోంజో ఆ మాట పడ్డాడు. తవ్వితే ఎవరు చంపారని ఊరంతా అడుగుతుంది, మిగతా తుపాకులతో సబ్బాత్ అడవిలోకి పోతాడు, మళ్ళీ ఆ వంతెన మీద ఎవరి తమ్ముడో ఒకడు అన్నాడు. వాణ్ణి పెంచింది నువ్వు, నువ్వే చెప్పు పెద్దక్కా అన్నాడు.

రేపు సమాధులకి సున్నం వేసొచ్చాక అన్నాను.

మార్చి 10, బుధవారం. సమాధులకి సున్నం వేసే రోజు

పొద్దున అమ్మకీ నాన్నకీ వేశాం.

సాయంత్రం ముగ్గురం కూర్చుని తేల్చుకున్నాం. ముందు అన్నది నేనే. వచ్చే ఏడాది ఎన్నికలయ్యేదాకా న్యెమా అక్కడే ఉంటాడు. రెండు వానాకాలాలు. జనరల్‌కి ఆదివారం వంట నేనే చేస్తాను, నేనే ముందు తింటాను. ఆ బల్ల దగ్గర కూర్చోనని హెస్టర్ అంది. దానికీ ఒప్పుకున్నాం.