ఇంజిన్ చప్పుడు తగ్గగానే

దానియేలన్నా,

ఈ రోజు నీ జ్ఞాపకార్థ ప్రార్థన. అమ్మ దుమ్ముగూడెం రమ్మంది. నేను వెళ్ళలేదు. బూర్గంపాడు దగ్గర హెలికాప్టర్ నడపడం నేర్చుకుంటున్నాను. ఇంజిన్ ఆగిపోయినా, గాలికే రెక్కలు తిరుగుతుండగా క్షేమంగా దిగడం ఈ రోజు పాఠం. ఆటోరొటేషన్ అంటారు.

పక్క సీట్లో కూర్చుని నేర్పే సార్ ఇంజిన్ తగ్గించగానే నా చేతులు బిగుసుకుపోయాయి. వరదలో మనిద్దరం బడి డాబా మీద నిలబడి అరుస్తుంటే, మనల్ని చూడకుండా వెళ్ళిపోయిన హెలికాప్టర్ చప్పుడు కూడా ఇలాగే సన్నబడింది. ఆ సాయంత్రమే గోదావరి నిన్ను తీసుకుపోయింది.

సార్ వెంటనే ఇంజిన్ పెంచి పైకి లేపారు.

"ఏమైంది బిడ్డా?"

చెప్పాను.

"చప్పుడు పోయినా రెక్కలు తిరుగుతనే ఉంటయ్. అవి తిరిగినంతసేపు మనం పడిపోం. మళ్ళ చేద్దాం. నా చేతులు గూడ కంట్రోల్స్ మీదనే ఉంటయ్."

మళ్ళీ మళ్ళీ చేశాం. చివరికి ఆయన చేతులు తీసేశారు. నేనొక్కదాన్నే దించాను. దిగుతున్నంతసేపూ కింద నుంచి నువ్వు పిలుస్తూనే ఉన్నావు.

"మంచిగ దించినవ్," అన్నారు సార్.

రెక్కలు ఆగాక నేను దిగి, వెనక తలుపు తీసి పట్టుకుని నిలబడ్డాను. ఎందుకని ఆయన అడగలేదు.

ఎవరూ ఎక్కలేదు, అన్నా.

నీ చెల్లె,
రూతు