కిటికీ లేని గది

నవంబర్ 3

మీ ఇంట్లో కష్టాలేమున్నాయమ్మా అని అడిగాడు ఎస్సే సార్. పెద్ద కాలేజీల అప్లికేషన్లలో పెట్టే వ్యాసాలు రాసిపెట్టడం ఆయన వృత్తి. ఏమీ లేవన్నాను. జ్వరం లేకుండా ఆస్పత్రికి వచ్చినదాన్ని చూసినట్టు చూశాడు. పోనీ ఈమధ్య ఎవరైనా పోయారా అన్నాడు. లేదండీ, నాన్న బస్సు నడుపుతాడు, అమ్మ ఆస్పత్రి కౌంటర్‌లో కూర్చుంటుంది, అందరం కులాసా అన్నాను. మార్కులు అందరికీ ఉంటాయి, చదివినవాళ్ళకి కన్నీళ్ళు రావాలి, అప్పుడే సీటు అన్నాడు. నా పక్కన కూర్చున్న కళ్ళజోడు పిల్ల వ్యాసంలో వాళ్ళ నానమ్మను ఈయనే చంపేశాడట. ఆవిడేమో బయట బెంచీ మీద కూర్చుని మనవరాలి కోసం ఎదురుచూస్తోంది.

నవ్వాపుకోలేక చచ్చాను. అంతలో నాతో వచ్చిన అమ్మ నోరు జారింది. మా పెద్దమ్మాయికి చిన్నప్పటినుంచీ ఒక కాలు సరిగా లేదండీ అంది. సార్ మొహం వెలిగిపోయింది. ఆ వెలుగు చూసి నాకు ఒళ్ళు మండింది.

నవంబర్ 9

సార్ రాసిన డ్రాఫ్ట్ వచ్చింది. అందులో మా అక్క కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని, తను ఎన్నటికీ నడవలేని వీధిని చూస్తూ నిట్టూరుస్తుంది. నేను స్కూల్ నుంచి వచ్చి ఆమె కన్నీళ్ళు తుడుస్తాను. ఆ కన్నీళ్ళలో నాకు నా లక్ష్యం కనబడుతుంది.

అసలు సంగతి ఇది. అక్క మా ముందు గదిలో మిషను పెట్టుకుని బట్టలు ఆల్టర్ చేస్తుంది. ఆ గదికి కిటికీ లేదు. చంకలో కర్రతో తనే వీధి చివరిదాకా వెళ్ళి దారాలు కొనుక్కొస్తుంది, దారిలో కనీసం ఒకరితో పోట్లాడుతుంది. నిట్టూర్చడం నేనెప్పుడూ చూడలేదు. నా మీదికి కర్ర విసరడం చాలాసార్లు చూశాను. గురి బాగుంటుంది.

నవంబర్ 10

నిజాలు సీటొచ్చాక రాసుకుందువుగానీలే అంటోంది అమ్మ.

నవంబర్ 12

మా ఇంట్లో ఒక రూలుంది. ఎవరు ఏం రాసినా సరే, భోజనాల దగ్గర అందరికీ చదివి వినిపించాకే అది గడప దాటాలి. అంతా నాన్న పుణ్యం. ఒకసారి చుట్టాల దగ్గర్నుంచి కార్డు వస్తే, సగం చదివి పెళ్ళి పిలుపనుకుని, చాలా సంతోషం, అందరం తప్పక వస్తాం అని జవాబు రాసి పోస్టులో వేశాడు. అది చావు కబురు. వాళ్ళు ఇప్పటికీ మాతో మాట్లాడరు. ఆ రోజే అమ్మ రూలు పెట్టింది.

అదే అమ్మ ఇవాళ, ఈ వ్యాసానికి రూలు వర్తించదు అంది. ఎందుకు వర్తించదట, లాయరమ్మ ఏం దాస్తోంది అని అక్క నిలదీసింది. లాయరమ్మ అంటే నేనే. రేపు చదువుతానన్నాను. భయంగా ఉంది. అయినా దొంగచాటుగా పంపను.

నవంబర్ 13

చదివాను. ఒక్క ముక్క కూడా వదలలేదు.

అక్క తినడం పూర్తిచేసింది. చేయి కడుక్కుని వచ్చి, ఆ కిటికీ ఎక్కడుందే అని అడిగింది. తర్వాత, పంపుకో, సీటొస్తే సంతోషమే, కానీ ఇక నువ్వు ఆ కుర్చీలో పిల్లకే చెల్లెలివి, సెలవులకి దాని దగ్గరికే పో అంది. గొంతు పెంచలేదు. అరిచినా బాగుండేది.

నాన్న కంచంలో చెయ్యి కదల్లేదు. నేను పిల్ల బాగు కోసమే కదా అంటూ అమ్మ ఏడ్చింది. ఆ సీటు నాకు కావాలి. చాలా కావాలి. ఆ కాలేజీ లైబ్రరీ ఫొటో ఒకసారైనా చూడకుండా నిద్రపోను. కానీ మా అక్కను అమ్మి దాన్ని కొనుక్కోను.

నవంబర్ 14

నాది నేనే రాసుకుంటానని సార్‌కి చెప్పేశాను. రేపే ఆఖరి రోజు, బంగారం లాంటి అవకాశాన్ని కాలదన్నుకుంటున్నావు అన్నాడు. నా కాలే కదండీ అన్నాను. పొగరు అన్నాడు. అవునన్నాను.

వస్తూ వస్తూ బెంచీ మీది నానమ్మ దగ్గర ఆగి, మీరు నిండు నూరేళ్ళూ ఉండాలండీ అని చెప్పాను. ఎవరమ్మా నువ్వు అంది పాపం.

నవంబర్ 15, రాత్రి

పొద్దున్నుంచీ రాశాను. నిన్ను మార్చిన ఒక సంఘటన గురించి రాయమన్నది ప్రశ్న. నాన్న పంపిన జవాబు గురించి, అమ్మ రూలు గురించి, ఎవరో రాసిన అబద్ధాన్ని నా గొంతుతో చదివి నా చెవులతో విన్న రోజు గురించి రాశాను. అక్క పక్కన కూర్చుని బట్ట కత్తిరించినట్టు కత్తిరించింది. ఇక్కడ వదులుగా ఉంది, ఇక్కడ కుచ్చులెక్కువ అంటూ. నా మీద జాలిగా ఒక్క మాట రాశావో చూడు, గొప్పగా రాసినా ఊరుకోను అంది. కర్ర విసిరిన సంగతి మాత్రం ఉండి తీరాలట, గురితో సహా.

భోజనాల దగ్గర చదివాను. తన కార్డు ముక్క తీసెయ్యమని నాన్న బతిమాలాడు. ఓటింగ్ పెట్టాం, ఓడిపోయాడు. పంపేశాను.

మార్చి 28

వెయిటింగ్ లిస్ట్. రమ్మనీ అనలేదు, పొమ్మనీ అనలేదు. అప్లికేషన్ పంపాక మీ జీవితంలో ఏమైనా మారి ఉంటే క్లుప్తంగా రాయండి అన్నారు.

మధ్యాహ్నం ఎస్సే సార్ ఫోన్ చేశాడు. కళ్ళజోడు పిల్ల చెప్పి ఉంటుంది. ఆ పిల్లకి సీటొచ్చిందట. అమ్మ ఫోన్ స్పీకర్‌లో పెట్టింది. ఇంకా మించిపోలేదు, ఇప్పుడైనా అక్కను కిటికీ దగ్గర కూర్చోబెట్టనివ్వండి, మిగతాది నేను చూసుకుంటా అన్నాడు. నేను నోరు తెరిచేలోపే అమ్మ అందుకుంది. మా పెద్దదానికి కూర్చునే తీరిక లేదండీ, చేతినిండా పనుంది అని పెట్టేసింది.

అమ్మను పట్టుకుని ఏడ్చేశాను. ముందు గదిలో మిషను ఆగింది. ఎవరు పోయారే అని అరిచింది అక్క.

మార్చి 29

భోజనాల దగ్గర చదివాను. ఎవరూ ఒక్క మాట మార్చమనలేదు. పంపింది ఇది:

అందరం కులాసా. మా ముందు గదికి ఇంకా కిటికీ లేదు.