వక్కాకు తిత్తిలో మెత్తబడిన రంగు

బసాపురం, ఆలూరు దగ్గర
14 ఏప్రిల్ 2024

చిరంజీవి సుజనకు,

మీ నాయన దేవేంద్రప్ప దీవించి రాయించేది ఏమనగా, ఇక్కడ నేను, మీ అమ్మ, ఎనుము, దాని దూడ అందరం క్షేమం. కర్నూలులో నువ్వూ క్షేమమని తలుస్తాను. నా కళ్ళద్దాల కాడ విరిగింది. అందుకని నేను చెబుతుంటే మీ అమ్మ రాస్తోంది. అక్షరాలు వంకరగా ఉంటే ఆమెనే అడుగు. ఫోనులో చెప్పొచ్చు కదా అంటావేమో, ఫోనులో నువ్వు నన్ను మాట పూర్తి చేయనివ్వవు.

జాతర నాటకం జరిగింది. ద్రౌపది వేషం నేనే కట్టాను. ఎట్లా కట్టానో చెప్పాలనే ఈ ఉత్తరం.

తెల్ల సఫేదా పొడి, పచ్చ అర్దళం రాయి కొబ్బరినూనెలో నూరి ముప్పై ఏళ్ళు పూసుకున్న చెంపలు పుండ్లు పడితే, ఆ రంగులు ఇక ముట్టొద్దని డాక్టరు చెప్పిన సంగతి నీకు తెలుసు. రెండు జాతర్లు నాటకం లేకుండానే పోయాయి. ఈసారి కూడా నేను కట్టకపోతే బయటి ఊరి నుంచి నటిని పిలిపిస్తామని నాటకం నడిపించే హార్మోనియం పెద్ద ఈరన్న ముందే చెప్పాడు. వేషం ఒకసారి చేయి మారిందంటే మళ్ళీ తిరిగి రాదు. ఆ భయంతో నాకు అన్నం దిగలేదు. అది తెలిసే కదా నువ్వు తేనెమైనం, నువ్వుల నూనె, కావిరాయి పొడి కలిపి కాచి, డబ్బాలో పోసి పంపావు.

కానీ తల్లీ, కోపగించుకోకు, నీ రంగు ఒట్టి రాయి. మన ఎండకు కరిగి కారుతుందని నేను దాన్ని నీళ్ళ కుండ కింద తడి ఇసుకలో దాచాను. నాటకం రోజు పొద్దున తీసి వేలు పెడితే అంటలేదు. గోటితో గీరితే ఉండలు ఉండలుగా వచ్చింది. అదే ముఖానికి రుద్దుకున్నాను. పెద్ద ఈరన్నతో కలిసి మన ఇంటికి వచ్చిన, దుశ్శాసనుడి వేషం కట్టే వీరభద్ర చూసి, ఏం మామా, ద్రౌపదికి అమ్మవారు పోసినట్టుండాదే అన్నాడు. అందరూ నవ్వారు, నేను నవ్వలేదు. పెద్ద ఈరన్న కాస్త గరిటెలో వేసి పొయ్యి మీద పెట్టాడు. నూనె పైకి తేలింది, కావి అడుక్కు దిగింది, ఆ ముక్క ఎందుకూ పనికి రాలేదు. నాకు ఒళ్ళు మండి డబ్బాను వాకిట్లోకి విసిరేశాను. పిలిపించుకోండప్పా మీ నటిని అని చెప్పి, గొడ్ల కొట్టంలోకి పోయి కూర్చున్నాను. ఏడ్చాను కూడా. కూతురి దగ్గర దాచేదేముంది.

మీ అమ్మ సంగతి నీకు తెలియంది కాదు. మొగుడు చీర కట్టేది చూడలేనని, పెళ్ళయినప్పటి నుంచి నేను రంగు వేసుకునే చోటికి ఒక్కసారి కూడా రాలేదు. నాటకం మాత్రం ఆడవాళ్ళలో వెనకగా కూర్చుని చూసి పోయేది. అట్లాంటి మనిషి ఆ రోజు డబ్బా ఏరుకొచ్చి, తన వక్కాకు తిత్తిలో వేసుకుని, తిత్తిని నడుముకు చెక్కుకుని పనిలోకి పోయింది. రొట్టెలు చేసింది, ఎనుముకు కుడితి పెట్టింది, ఇల్లు ఊడ్చింది. పొద్దు వాలాక నా ముందుకు వచ్చి, ఒంటి కాకకు మెత్తబడిందిలే, కూచో అంది.

ఉంగరపు వేలితో కొంచెం తీసి, ఎడమ అరచేతిలో వేసి, వెన్నలా అయ్యేదాకా తిప్పింది. నుదుట, ముక్కు మీద, చెంపల మీద, గడ్డాన చుక్కలు పెట్టింది. రుద్దలేదు. వేలి కొసలతో మెల్లగా తట్టుతూ పరిచింది. పుండ్లు మానిన చోట ఇంకా మెల్లగా తట్టింది. చెవుల కిందికీ మెడ మీదికీ లాగి, అంచు ఎక్కడుందో తెలియకుండా కలిపేసింది. పైన పలచగా బియ్యప్పిండి అద్దింది. కాటుక కూడా తానే దిద్దింది. ఇదంతా ఎప్పుడు నేర్చావని అడిగితే, ఇంతమంది పెండ్లికూతుర్లకు పసుపు పూసిన చేతులకు ఇదొక లెక్కా అంది. నాకు మళ్ళీ కంట నీళ్ళు వచ్చాయి. రంగు చెడుతుంది, ఊరుకో అని కసిరింది.

ఎంత చెమట పట్టినా రంగు జారలేదు. చెంప మండలేదు. నిండు సభలో ద్రౌపది కృష్ణుణ్ణి పిలిచే చోట పిల్లలు సైతం ఆటలు మాని ముందుకు జరిగి కూర్చున్నారు. నాటకం అయినాక పెద్ద ఈరన్న నా చేతులు పట్టుకున్నాడు. నటి మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

కాబట్టి ఈసారి మైనం తగ్గించి నూనె పెంచు. సరుకులో లోపం ఉంటే నాయన కాక ఎవరు చెబుతారు? వేళకు తిను.

ఆశీస్సులతో,
మీ నాయన
దేవేంద్రప్ప

తా.క. అమ్మా సుజనా, ఇది నా మాట. మీ నాయన ఎనుముకు నీళ్ళు పెట్టను పోయినాడు, అంతలోపల రాస్తాండా. కండ్లద్దాలు ఇరగలేదు, గూట్లోనే ఉండాయి. ఆయన చెయ్యి వణుకుతాది, పెన్ను నిలబడదు. అన్నం ముద్ద గూడా జారిపోతాంది. ఎవురికీ చెప్పడు, నాకు తెల్దనుకుంటాండాడు. నీ డబ్బా రాయి కాదమ్మా. ఆయన ఇసిరేసినప్పుడు ఎత్తుకోని చిటికెనేలు పెట్టి చూస్తి, నెయ్యి మాదిరి వచ్చె. ఆయన ఏళ్ళలోనే సత్తువ లేదు. ఆ మాట మొగాన అనలేక, డబ్బాను తిత్తిలో ఏసుకోని పొద్దు గుంకేదాకా తిరిగితి. నువ్వు మైనం ఒక్క పిసరు గూడా తగ్గించొద్దు, ఈడి ఎండకు కారిపోతాది. జాతరకు రాలేకపోయినా, రంగు ఎట్ల పనిచేసిందో చూడను వచ్చినానని చెప్పి తొందరగా రా. నరాల డాక్టరుకు చూపిద్దాము. ఆయన ముందర మాత్రం నీ రంగు గట్టిదేనని ఒప్పుకో. వచ్చే జాతరకు గూడా అది నా తిత్తిలోనే మెత్తబడల్ల.