చివరి పదహారు పేజీలు

నవంబరు 19, మంగళవారం. పొద్దుటి నుంచి ముసురు. పెరటి తలుపు ఉబ్బి పడటం లేదు. అంచు చిత్రిక పట్టి సరిచేశాను.

చిట్టితల్లికి నాన్న ఆశీస్సులు. ఇక్కడ నేనూ మీ అమ్మా కులాసా. అలవాటు కొద్దీ రాసేశాను గానీ, ఉత్తరం పూర్తయ్యేసరికి ఆ మాట కొట్టేయాల్సి వస్తుందేమో.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. అమ్మ మోకాలు కాస్త నయం. మెట్లు మామూలుగానే ఎక్కుతోంది; దిగేటప్పుడు మాత్రం నన్ను తిడుతూ దిగుతోంది. లైబ్రరీలో నా బైండింగ్ గదికి కొత్త బల్బు వేశారు. కళ్లజోడు ఇంకా మార్చలేదు.

మంచి లోకాలని ఊహించి రాసిన నవలలు ఇప్పటికీ ఎవరైనా చదువుతున్నారా అని అడిగావు. నేను బడికి వెళ్లి చదువుకున్నవాణ్ణి కాను, అతుకు వేయడానికి వచ్చిన పుస్తకాలే నా చదువు. కానీ ఏ పుస్తకాన్ని ఎంతవరకు చదివారో నా చేతికి తెలుస్తుంది. చెడ్డ లోకాల నవలలు, ఆ నిఘాలూ కంచెలూ రేషన్ రొట్టెలూ ఉన్నవి, ఏడాదికోసారి వీపు విరిగి నా బల్ల మీదికి వస్తాయి. చివరి పేజీ దాకా వేళ్ల మురికే. మంచి లోకాల వాటిలో ఆ మురికి నలభయ్యో పేజీ దగ్గర ఆగిపోతుంది. కొత్తగా వచ్చినవాడికి ఎవరో ఒకరు ఊరు తిప్పి చూపిస్తుంటారు: ఇది వంటశాల, ఇది బడి, ఇది మురుగు కాలువ. ఊళ్లో ఎవరికీ ఏ లోటూ ఉండదు, చదివేవాడికి నిద్ర ఆగదు. అయినా నాకు అవే ఇష్టం. కాలువ ఎవరు శుభ్రం చేస్తారో చెప్పేది ఆ పుస్తకాలే.

ఇక నువ్వు నడిపే ఇంటి సంగతి. ఒకరికొకరు ఏమీ కాని తొమ్మిది మంది, ఒకే పొయ్యి, ఏ పని ఎవరిదో రాసిన వంతుల పలక గోడ మీద. ఆ పలక ఏ పుస్తకంలోంచి తెచ్చుకున్నావో మనిద్దరికీ తెలుసు. పెద్ద గిన్నె తోమే దగ్గర మొదలైన గొడవ ముదిరి, ఎవరో పలకే పీకేశారని రాశావు. 'ఇది ఎలా ముగుస్తుందో నాకు పదిహేడో ఏటే తెలుసు నాన్నా. తగలబడేదాకా ఆగను. నవంబరు ఆఖరుకి అందర్నీ పంపించేసి తాళం వేస్తాను' అన్నావు. మీతో ఉన్న ఆ ముసలి కుట్టుపనామె ఎక్కడికి పోతుందని నేను అడిగితే, 'ఆ పుస్తకంలో వాళ్లు మాత్రం ఎక్కడికి పోయారు?' అని ఒక్క ముక్క రాశావు.

నిన్న సాయంత్రం ఫోన్ చేసింది ఆ విషయం మాట్లాడటానికే. "బాగున్నావా నాన్నా?" అన్నావు. "బాగున్నా. ఇక్కడ వాన" అని పెట్టేశాను. మీ అమ్మ పక్కనే ఉంది.

"మాట్లాడితే ముత్యాలు రాలిపోతాయా? దానికేదో చెప్పాలన్నారుగా!"

"రాస్తాలే."

"రాయండి రాయండి. అది చదివేలోపు అక్కడ తాళం తుప్పు కూడా పడుతుంది."

రాస్తున్నాను. ఆ పుస్తకం అలా ముగియదమ్మా.

నీకు పదిహేడేళ్లప్పుడు, ఇలాంటి ముసురులోనే, రెండు నవలలు ఒకే రోజు విప్పాను. ఒకటి మంచి ఊరి కథ, ఒకటి చెడ్డ ఊరి కథ. ఒకే ప్రచురణ, ఒకే కొలత, ఒకే అక్షరం. రెండూ రెండు వందల ఇరవై నాలుగు పేజీలే. రెండింటిలోనూ ఊరికి కొత్తగా వచ్చినవాడు 'నేను' అంటూ చెబుతాడు. పదహారు పేజీల మడతని మేం ఫారం అంటాం. చివరి ఫారం రెండింటికీ కొత్త అధ్యాయంతోనే మొదలవుతుంది. జిగురు ఆరడం లేదని చిరాకులో ఉండి, చూసుకోకుండా దీనిది దానికీ దానిది దీనికీ కుట్టేశాను. నా రోజువారీ పుస్తకంలో ఆ తేదీ కింద 'నవలలు రెండు. కుట్టు గట్టిగా వచ్చింది' అని ఉంది.

నెల తిరక్కుండా, మంచి ఊరి పుస్తకం తీసుకెళ్లిన గడియారాలు బాగుచేసే ఆయన వచ్చాడు. "ఏమయ్యా బైండరూ! రెండొందల పేజీలు ఆ ఊరిని నెత్తిన పెట్టుకుని ఊరేగించి, చివర్లో నిప్పు పెట్టేశాడేంటయ్యా మీ రచయిత? ఎవరి మీద కోపమట?" అని నవ్వాడు. అప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి చూసుకున్నాను. సరిచేయడం గంట పని. ఇంట్లో చేద్దామని మంచి ఊరి పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టాను. నువ్వు తీశావు, రెండు రోజులు కింద పెట్టలేదు.

"నాన్నా, ఇదొక్కటే నిజం చెప్పింది. మిగతావన్నీ పాకం పోసి పెట్టారు" అన్నావు. పుస్తకం మూసి దాని వీపు నిమిరి, "ఎంత బాగా కుట్టావు!" అన్నావు. నా పనిని నువ్వు మెచ్చుకోవడం అదే మొదటిసారి. దారం తెంచడానికి చెయ్యి రాలేదు.

అసలు ముగింపు రెండో పుస్తకంలో, చెడ్డ ఊరి చివర ఉండిపోయింది. దాన్ని ఎవరూ తీసుకెళ్లేవారు కాదు. ఎవరో ఆఖరి పేజీలో 'నమ్మబుద్ధి కావడం లేదు' అని పెన్సిల్‌తో రాశారు. పోయిన నెల, కదలని పుస్తకాలన్నీ తీసేయమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. లైబ్రేరియన్ మేడం దాన్ని ఎత్తి చూపించి, "ఇదీ కాగితం మిల్లుకేనా బాబాయ్?" అంది. ఆ మడత ఒక్కటీ విప్పుకుంటే ఎందుకని అడుగుతుంది. "అవునమ్మా" అన్నాను. మూట నేనే కట్టాను, తాడు నేనే బిగించాను.

నాలుగో రోజున, తాళం వేస్తానన్న నీ ఉత్తరం వచ్చింది. చదివి మిల్లుకి వెళ్లాను. "ఇక్కడికొచ్చాక పుస్తకాలుండవు పెద్దాయనా, గుజ్జే" అన్నాడు గేటు దగ్గరాయన. మూడు ఊళ్ల లైబ్రరీలకి రాశాను, లేదన్నారు. అచ్చువేసినవాళ్లు ఎప్పుడో మూసేసుకున్నారు.

ఇది చదివి నువ్వు తాళం పక్కన పెడతావన్న ఆశ నాకు లేదు. తొమ్మిది మంది మధ్య చెడింది పదహారు పేజీలతో బాగుపడదు. పైగా వాటిని నేను చదివింది ఒక్కసారే, నిలబడి, చేతికి జిగురుతో. నిప్పు లేదన్నది మాత్రం గట్టిగా గుర్తు. పైన 'కులాసా' కొట్టేశాను, చూడు.

ఇట్లు,
పదహారేళ్లు నోరు విప్పని
మీ నాన్న

గుర్తున్నంత కింద రాస్తున్నాను, గుర్తు ఆగినచోట ఆపేస్తాను. ఆ ఊళ్లోనూ పలక పీకేశారు. పీకింది ఎవరో చివరిదాకా తెలియదు. మూడు రోజులు ఎవరూ తలుపులు తీయలేదు. వంటశాలలో గిన్నెలు ఈగలు ముసిరి అలాగే ఉన్నాయి. కొత్తగా వచ్చినవాడు మూట సర్దుకున్నాడు. నాలుగో రోజు పొద్దున వాన వెలిసింది. ఒక ముసలామె బయటికి వచ్చింది. ఆమె వంతు కాదు. ఎవరి వంతో చెప్పడానికి అసలు పలకే లేదు. చేతులు పైకి మడిచి, పెద్ద గిన్నె ముందు కూర్చుని, గుప్పెడు బూడిద తీసుకుని...