కాలర్ ఆకారంలో మొదటి పేజీ

బాబాయికి,

నమస్కారం. ఎదురుగా చెబితే మీ కత్తెర చప్పుడులో నా మాట తెగిపోతుంది. అందుకే రాస్తున్నాను.

నేను మళ్ళీ డైరీ మొదలుపెట్టాను. టీవీ సీరియల్లో ఒక ముసలి నర్సు డ్యూటీ దిగగానే చెప్పులైనా విప్పకుండా డైరీ రాసుకుంటుంది. కొడుకు నవ్వుతాడు, కోడలు విసుక్కుంటుంది. ఆవిడ మాత్రం వాక్యం పూర్తయ్యేదాకా తలెత్తదు. నిన్న అది చూస్తుంటే నాకు నా మీదే ఒళ్ళు మండింది. నేనెందుకు రాయడం ఆపి తలెత్తాను?

పోయినేడు మీరు మన టైలర్ షాపులో నా డైరీ తీసి, "వినండర్రా, మా కవయిత్రమ్మ వర్షాన్ని కుట్టుమిషనుతో పోల్చింది!" అని పైకి చదివారు. బట్టలకొచ్చినవాళ్ళంతా నవ్వారు. పైగా "కాగితం భలే మందంగా ఉందే" అంటూ ఆ పేజీని కాలర్ నమూనాకి కత్తిరించారు. ఆ రోజు నుంచి నేను రాయలేదు.

ఇప్పుడు ఆ నమూనా నాకు కావాలి. ఇప్పటికీ మీరు దాంతోనే కాలర్లు కోస్తున్నారు. బదులుగా అట్ట మీద కొత్తది గీసి ఈ ఉత్తరంతో పెడుతున్నాను, కొలత తేడా వస్తే నన్నడగండి. పాతదాన్ని కొత్త డైరీలో మొదటి పేజీగా అతికిస్తాను. కత్తిరింపులో పోయిన సగం వాక్యం నాకు గుర్తుంది.

ఈ డైరీకి తాళం లేదు, దాచను కూడా. మిషను పక్కనే ఉంటుంది. కావాలంటే మళ్ళీ పైకి చదవండి. అందరూ నవ్వుతుంటే నేను తల వంచుకునే ఉంటాను బాబాయ్, తర్వాతి వాక్యం రాసుకుంటూ.

మీ అన్నకూతురు