చరిచేదాకా వదలొద్దు

ఫిబ్రవరి 3, మంగళవారం. మిర్యాలగూడ

నాయినను సూర్యాపేట డాక్టరుకు చూపించి వచ్చాం. పక్షవాతం వచ్చాక కుడి చేయి పడిపోయింది. ఎడమ చేయి బాగుంది. మాట మాత్రం ముద్ద. డాక్టర్ ఒకటే చెప్పాడు. ఎట్లా వచ్చినా మాట్లాడిస్తూనే ఉండాలట. విసుగొచ్చి ఆపేస్తే ఆ నోరు ఇక తిరగదట.

బస్సులో నాయిన నాతో ఏదో అన్నాడు. మళ్లీ అన్నాడు. నాకు అర్థం కాలేదు. కిటికీ వైపు తిరిగాడు.

ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్ ఏం చేయాలో నాకు అక్కడే తెలిసింది.

ఫిబ్రవరి 11. కోదాడ, హాస్టల్

నాయినకు చదువు రాదు. నేను వాక్యం చెప్తే ఆయన తిరిగి అంటాడు. ఆ రికార్డింగులతో నా ప్రాజెక్ట్ జోడీ సింధు, నేను ఆ ముద్ద మాటను గుర్తుపట్టి ఫోన్‌లో తేటగా పలికే మోడల్‌ను ట్రైన్ చేశాం. స్క్రీన్ మీద అక్షరాలు వస్తున్నాయి, మాటలు రావడం లేదు. మా ప్రాజెక్ట్ గైడ్ జగదీశ్ సార్ లాంగ్వేజ్ మోడల్ కలపమన్నారు. సగమే వినపడినా, మనిషి ఏమని ఉంటాడో మనం ఊహించుకుంటాం కదా, అది కూడా అంతేనట. కానీ దానికి నాయిన మాట్లాడే తీరులో బోలెడు వాక్యాలు కావాలి. రైస్ మిల్లు హమాలీ మాటలు ఏ వెబ్‌సైట్‌లో ఉంటాయి?

నేనే రాస్తాను. మా నాయిన ఏమంటాడో నాకు తెలియదా.

ఫిబ్రవరి 19

ఎర్రర్ రేట్ సగానికి పడింది! సింధు నన్ను ఎత్తి గిర్రున తిప్పింది.

ఫిబ్రవరి 21, శనివారం. మిర్యాలగూడ

నాయిన మాట్లాడాడు. ఫోన్ పలికింది: "నేను మంచిగున్న బిడ్డా. నువ్వు కాలేజీకి పో."

అమ్మ కొంగు నోట్లో పెట్టుకుని ఏడ్చింది. పక్కింటి బాలమ్మత్త చూడటానికి వచ్చింది. తన మొగుడి నోరు బంద్ చేసే మిషన్ కూడా ఒకటి చేసిపెట్టమంది. అందరం నవ్వాం. నాయిన తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు. అలసిపోయాడనుకున్నాం.

మార్చి 2. కోదాడ

అమ్మ ఫోన్ చేసింది. నాయిన నోరు తెరవడం లేదట. అన్నం పెడితే పెదాలు బిగిస్తున్నాడట. నిన్న ఏదో అని, ఫోన్‌ను మంచం మీది నుంచి నెట్టేశాడట. ఫోన్ ఏమని పలికిందని అడిగాను.

కడుపు నిండింది అన్నదట.

అదే రోజు, సాయంత్రం

లాంగ్వేజ్ మోడల్ తీసేసి ఆడియోలన్నీ మళ్లీ నడిపాను. ఆ శనివారం నాయిన అన్నది చాలా పొడవుంది. ముక్కలు ముక్కలుగా ఉంది. ఏమిటో తెలియదు. మంచిగున్న అని మాత్రం కాదు.

మంచిగున్న. కడుపు నిండింది. కాలేజీకి పో. అన్నీ నేను రాసిన వాక్యాలే. టెస్ట్‌కు పెట్టినవీ నేను రాసినవే. ఎర్రర్ ఎందుకు తగ్గదు? నాకు కావలసిన మాటలు నాయిన నోట పెట్టి, అవి విని, నిమ్మళంగా బస్సెక్కి వచ్చేశాను.

మార్చి 4. మిర్యాలగూడ

గోడ వైపు తిరిగి పడుకున్నాడు. పిలిచాను. తిరగలేదు. ప్రభువా, ఆ నోరు మూతపడనివ్వకు.

మార్చి 7

మిల్లుకు పోయాను. ఫకీరా మామ నాయినతో జోడీగా బస్తాలు మోసినవాడు. ఫోన్‌లో రికార్డింగ్ ఆన్ చేసి ఒక మూల కూర్చుంటానంటే హమాలీలు సరేనన్నారు. తిట్లు, సరసాలు, మేస్త్రీ మీద చాడీలు, నడుం నొప్పులు, లారీకి ఆనించిన పలక మీద కాలు జారుతుందేమోనన్న భయాలు. ఇందులో ఒక్కటీ నేను రాయలేదు.

ఇద్దరు బస్తా ఎత్తి మూడోవాడి వీపు మీద పెడతారు. మోసేవాడు బస్తాను రెండుసార్లు చరిస్తేనే వదులుతారు. చరచలేదంటే బరువు కుదరలేదని. అట్లాగే పట్టుకుని నిలబడతారు.

నేను పట్టుకుని నిలబడలేదు.

మార్చి 13

మిల్లు మాటలతో లాంగ్వేజ్ మోడల్ మళ్లీ కట్టాను. ఇప్పుడది ఒక్క వాక్యం పలికి ఊరుకోదు. తోచినవి ఒక్కొక్కటీ పలికి ఆగుతుంది. నాయిన మంచం పట్టెను రెండుసార్లు చరిస్తేనే అది ఆయన మాట. ఏదీ కాకపోతే తెలియలేదని ఒప్పుకుంటుంది. ఎర్రర్ రేట్ మళ్లీ పెరిగింది. సార్ ఫోన్ చేసి రివ్యూలో పాతదే చూపించమన్నారు. చూపించనన్నాను.

ఫకీరా మామ ఇంటికొచ్చి నాయిన చెవి దగ్గర వంగాడు. "ఓ దానేలూ, నీ బిడ్డ బస్తా పట్టుకోని నిలవడ్డది. కుదిరితే చరువు, కుదరకపోతే ఊకో. ఇగ వదలది."

నాయిన ఇటు తిరిగాడు. మాట్లాడలేదు.

మార్చి 14

ఏం లేదు.

మార్చి 15

ఏం లేదు. కొంచెం గంజి తాగాడు.

మార్చి 17, ఉదయం

కోదాడ పోవడానికి బ్యాగు సర్దుతుంటే నాయిన ఏదో అన్నాడు. ఫోన్ ఒక్కొక్కటీ పలికి ఆగింది.

నీళ్లు కావాలె. చెయ్యి కదలలేదు.

నడుం నొస్తుంది. కదలలేదు.

భయమైతుంది, గీడ కూసో.

చరిచాడు. రెండుసార్లు.

కూర్చున్నాను.